భాగ్య భుజం ఎన్నిసార్లు జారింది?

2008లో చింతామణిలో ఎముకల సర్జన్‌గా చేరాను. భుజానికి కీహోల్ ఆపరేషన్ మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. బెంగళూరులో మా గురువుగారి దగ్గర కొత్తగా నేర్చుకొచ్చాను కాబట్టి, ఎప్పుడు అవకాశం దొరుకుతుందా అని చేతులు దురద పెడుతుండేవి.

ఆ ఏడాది మిట్టేమరి నుంచి భాగ్య అనే కబడ్డీ ఆటగత్తె వచ్చింది. కుడి భుజం కీలు జారుతోంది. ఐదు నెలల్లో రాష్ట్ర జట్టు ఎంపిక, దానికి అందుకోవాలన్నది ఆమె పట్టుదల. ఎన్నిసార్లు జారిందమ్మా అంటే, "రెండుసార్లే సార్" అంది. భుజం గుండు కూర్చునే గిన్నె అంచుకు మెత్తటి పట్టీ ఒకటి ఉంటుంది. అది చిరిగితే చిన్న రంధ్రాల గుండా వెళ్ళి తిరిగి ఎముకకు కుట్టేయవచ్చు. ఎక్స్‌రే బాగానే కనిపించింది. కేసుషీటు మీద కీహోల్ అని రాసేశాను.

ఆఖరున ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పి చూశాను. కీలు నా చేతిలోనే జారిపోయింది. నేను నర్సును పిలిచేలోపే, తోడొచ్చిన జట్టు అమ్మాయి సరోజ చెప్పు విడిచి, భాగ్య చంకలో మడమ ఆనించి, చెయ్యి మెల్లగా లాగింది. కీలు టక్కున తిరిగి కూర్చుంది. వాళ్ళిద్దరిలో కంగారే లేదు. చెమట పట్టింది నాకే.

ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"మ్యాచ్‌లల్లో నేనే ఎక్కిస్తాండాను సార్" అంది సరోజ.

మరి రెండుసార్లే అన్నావేమని భాగ్యను అడిగితే, "డాక్టరు దగ్గరికి పోయింది రెండుసార్లే కదా సార్. కోర్టులో ఎక్కించుకునేది ఎవురు లెక్క పెడతారు?" అని నన్నే అడిగింది.

సీటీ స్కాన్ తీయించాను. గిన్నె ముందు అంచు అరిగిపోయి ఉంది. అలాంటి చోట పట్టీ కుట్టినా ఆట మొదలుపెట్టగానే ఊడిపోతుంది. భుజం ముందువైపు కోసి, దగ్గరున్న ఎముక కొమ్మును దాని కండరాలతో సహా తెచ్చి, అరిగిన చోట రెండు స్క్రూలతో బిగించాలి. ఆ తర్వాత ఐదు నెలలకే రైడ్‌కు పంపే ధైర్యం నాకు లేదు. అదే చెప్పాను.

"ఈ ఏడు పోతే పోనీలే సార్. చెయ్యి నిలబడేటట్ల చెయ్యండి" అంది భాగ్య.

బెంగళూరులో గురువుగారి పక్కన నిలబడి ఆ ఆపరేషన్ చేశాను. ఎంపికకు ఆమె వెళ్ళలేకపోయింది, అది నాకు బాధే. మరుసటి ఏడు తాలూకా జట్టులో మళ్ళీ రైడ్‌కు దిగింది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, ఎన్నిసార్లు జారిందని ఏ ఆటగాణ్ణీ అడగలేదు. ఎవరెవరు ఎక్కించారని అడిగాను. సీటీ చూడనిదే ఆపరేషన్ పేరు రాయలేదు.