మావయ్యగారు వెనక కూర్చున్న రోజు

ఇరవైనాలుగేళ్ళ వయసులో బండికి బ్రేకులెందుకు పెడతారో నాకు సరిగా అర్థమయ్యేది కాదు. ఆ రోజుల్లో చేపల మేత అమ్మే ఓ కంపెనీలో కొత్తగా చేరి, కలిదిండి చుట్టుపక్కల చెరువుగట్ల మీద బండేసుకుని తిరిగేవాణ్ణి. కలిదిండి నుంచి ఏలూరుకి ఎన్ని నిమిషాల్లో వచ్చానో చెప్పుకోవడం నాకు డిగ్రీ పట్టా కంటే పెద్ద గౌరవం. (విన్నవాళ్ళు "అబ్బో!" అనేవారు. అది మెచ్చుకోలు కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.) హెల్మెట్ పెట్టుకోనిది లేక కాదు, ఉంది. దారిలో కూరగాయలో పళ్ళో కొంటే వేసుకోవడానికి అంత వీలైన వస్తువు మరొకటి లేదు.

అలాంటి రోజుల్లో ఏలూరులో నాకు పెళ్ళిచూపులు కుదిరాయి. అమ్మ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చి, నాకంటే ముందే వాళ్ళింట్లో కూర్చుంది. నేను బండి దిగి, జుట్టు సవరించుకుని, హెల్మెట్ నిండా జామకాయలతో గుమ్మంలో నిలబడ్డాను. అమ్మాయి నాన్నగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి అప్పుడే రిటైరైన మనిషి. ఆయన జామకాయలు ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టి, ఖాళీ హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "బుట్ట బాగుందండీ" అన్నారు. నేను సంతోషించాను. అమ్మాయి మాత్రం తల దించుకుని నవ్వాపుకుంది. కాఫీలయ్యాక, ఉద్యోగం గురించి అడుగుతారేమోనని నేను సమాధానాలు సర్దుకుంటుంటే, ఆయన "బాబూ, ఓసారి మీ బండి మీద కొల్లేటి వంతెన దాకా వెళ్ళొద్దామా అండీ?" అన్నారు. నా పంట పండిందనుకున్నాను.

ఊరు దాటగానే నా విద్యంతా ప్రదర్శించాను. చేపల లారీని ఎడమ పక్క నుంచి దాటాను. ఎదురుగా బస్సొస్తుంటే దానికీ ట్రాక్టరుకీ మధ్యలోంచి దూరాను. వెనక నుంచి ఒక్క మాట లేదు, మురిసిపోతున్నారనుకున్నాను. వంతెన దగ్గర ఆపి చూస్తే, ఆయన రెండు చేతులతో సీటు కమ్మీ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాను. (అవును, అడిగాను.)

ఆయన దిగి, కండువాతో మొహం తుడుచుకున్నారు. "సర్వీసంతా నేను ఎవర్నీ గుద్దలేదు బాబూ. ఒకబ్బాయే వచ్చి నా బస్సుని గుద్దాడు. మీ వయసే. ఇలాగే, లారీని దాటబోయి. నేను దిగి, తల ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికే అయిపోయిందండి. జేబులో ఫోను మోగితే ఎత్తాను. వాళ్ళమ్మగారు. 'ఎక్కడిదాకా వచ్చావురా, అన్నం వడ్డించెయ్యనా?' అన్నారండి." నావైపు తిరిగారు. "ఏం చెప్పమంటారు?"

మా అమ్మ ఆ సమయంలో వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని నా కోసం వీధిలోకి చూస్తూ ఉంటుంది.

ఏలూరు వెళ్ళే బస్సొస్తే ఆయన చెయ్యెత్తి ఆపి ఎక్కేశారు. "మీరు బస్సు వెనకాలే రండి బాబూ. దాటకండేం!" ఆ బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది, కోళ్ళగంపల్ని ఎక్కించుకుంది, దింపింది. ప్రతిచోటా నేనూ ఆగాను. వెనక అద్దంలోంచి ఆయన, ఆయన చుట్టూ సగం బస్సు, నన్నే చూస్తున్నారు.

ఇంటికొచ్చాక ఆయన మా అమ్మతో, "అబ్బాయి మంచివాడేనమ్మా. కానీ ఇలా బండి నడిపే మనిషికి పిల్లనిస్తే, అది రోజూ ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చోవాలి. ఆరు నెలలు చూద్దామండి" అన్నారు. నా తరఫున వాదిస్తుందనుకున్న అమ్మ, "ఏడాది చూడండి అన్నయ్యగారూ" అంది.

ఆ రోడ్డు మీద తిరిగే బస్సు డ్రైవర్లలో సగంమంది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. కైకలూరులో టీ తాగుతుంటే ఎవరో ఒకరు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ అల్లుడుగారూ, నిన్న మలుపులో హారను కొట్టలేదంట!" అనేవారు. మొదట్లో బస్సు కనబడినప్పుడే నెమ్మదించేవాణ్ణి. తరవాత్తరవాత చెయ్యే అలవాటు పడింది. హెల్మెట్ తలకెక్కింది. పాలకేన్ల మోపెడ్లు నన్ను దాటిపోతుంటే మొదట్లో అవమానంగా ఉండేది. ఆ తరవాత వాటికి దారిచ్చేవాణ్ణి.

అయిదో నెలలో ఓ మధ్యాహ్నం, చెరువుగట్టు మీంచి మేకపిల్ల ఒకటి రోడ్డు మీదికి దూకింది. దాని వెనకే ఓ చిన్నపిల్ల. బ్రేకు నొక్కాను. బండి ఆగేసరికి ముందు చక్రానికీ ఆ పిల్ల గౌనుకీ మధ్య జానెడు దూరముంది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, మేకపిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయింది. నేను పోలేకపోయాను. పాత రోజుల్లోలా వచ్చుంటే అన్న ఆలోచన వచ్చి, రోడ్డు పక్కన కూర్చుని ఫోన్ చేశాను.

"మావయ్యగారూ..." ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. ఏ ఊరి దగ్గరున్నానో చెప్పి, పిల్ల అడ్డమొచ్చిందన్నాను.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నారు. లేదన్నాను. "అక్కడే కూర్చోండి బాబూ. బండి ముట్టుకోకండి. వచ్చేస్తున్నాను."

బస్సు దిగి, నా పక్కనే గడ్డిలో కూర్చున్నారు. తిట్టలేదు. మంచినీళ్ళ సీసా ఇచ్చి, అది ఖాళీ అయ్యేదాకా ఆ ఏడాది చేపల రేట్ల గురించి మాట్లాడారు. తరవాత సంచీలోంచి కొత్త హెల్మెట్ ఒకటి తీసి తన తలకి పెట్టుకుని, "పదండి, ఇవాళ నేను వెనక కూర్చుంటాను" అన్నారు. ఏలూరు దాకా ఆయన చెయ్యి నా భుజం మీద మెత్తగా ఉంది. ఆ సాయంత్రమే ముహూర్తం మాట్లాడుకున్నారు.

మొన్న అదే రోడ్డులో ఓ కుర్రాడు ఎడమ పక్క నుంచి దూసుకుపోతూ, నలభై స్పీడులో వెళ్తున్న నన్ను చూసి జాలిపడ్డాడు. వెనక కూర్చున్న మా ఆవిడ, "మిమ్మల్ని ముసలాడనుకునుంటాడండీ" అంది. అప్పటి నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. అనుకోనీ. ముసలాడనిపించుకునేదాకా మావయ్యగారు నన్ను రానిచ్చారు, అదే పదివేలు.