ఐసుబండి గేర్‌బాక్సు

ఈ విశాఖపట్నంలో నా చెయ్యి పడని గేర్‌బాక్సు లేదు. హార్బరులో ఓడ మొరాయించినా ముందు నాకే కబురొచ్చేది. ఒకసారి నేను ఇనుపదిమ్మ నుంచి గేరు పన్ను కోస్తుంటే, విదేశీ ఇంజనీరు ఒకడు నా షెడ్డు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

చూశారా, మీకూ ఇలాగే మొదలుపెట్టాను. తిన్నగా మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఆ వచ్చినవాడు ఇంజనీరు కాదు, ఓడలో వంటవాడు. జాలరిపేటకు దారి అడగడానికి ఆగాడు. ఎండకు నోరు తెరిచాడు. ఇక పన్ను కొయ్యడమంటారా, నా జన్మలో ఒక్క గేరు పన్ను కూడా కొయ్యలేదు. దానికి వేరే మిషను కావాలి, లెక్క తెలియాలి. నా దగ్గరున్నది నోరొక్కటే.

నవ్వొస్తే నవ్వండి. కానీ ఆ పన్ను కోశానన్న అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. డెబ్బై దాటాయి. ఇంక మొయ్యలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి గంగునాయుడు అనే రైతు తన చిన్న ట్రాక్టరును లారీ మీద నా షెడ్డుకు వేయించుకొచ్చాడు. పాత విదేశీ రకం. మనిషి నడుమెత్తు ఉంటుందేమో, కానీ నాలుగు చక్రాలూ లాగుతాయి. పెద్ద ట్రాక్టరు దిగబడిపోయే బురదమడిలో ఇది బాతులా పోతుంది. దాని గేర్‌బాక్సులో ఒక చక్రానికి పళ్లు విరిగాయి. ఆ రకం తయారీ ఎప్పుడో ఆగిపోయింది, సామాను దొరకదు. అవతల ఉభాలు మొదలయ్యాయి. ఊరంతా నాట్లలో ఉంది, నాయుడి పొలం ఇంకా బురద దున్ని దమ్ము చేసింది లేదు. నువ్వే దిక్కన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను. పన్ను నేనే కోసి పెడతాను, దిగులు పడకు అన్నాను.

ఎందుకన్నాను? సామాను దొరకదని చెబితే నా పరువేం పోయేది? ఇంకొకరిది తెచ్చి వేస్తానని చెప్పినా సంతోషంగా ఒప్పుకునేవాడే. కాదు, నేనే కొయ్యాలి. వీధి వీధంతా చెప్పుకోవాలి.

షెడ్డు వెనక అలాంటి ట్రాక్టరే ఇంకొకటి పడి ఉంది. ఇక్కడి పాతపట్నంలో ఇనుపసామాను అమ్మే బాషా భాయ్‌ది. ఒకప్పుడు హార్బరు దగ్గర ఐసు మోసేది. ఇంజను చచ్చింది కానీ గేర్‌బాక్సు బాగానే ఉంది. అదే రంగు, అదే డొక్క. బాషాను అడిగితే తీసుకో ఉస్తాద్ అన్నాడు. కాబట్టి దొంగతనం కాదు, అదొక్కటీ నా మీద వెయ్యకండి.

రెండు ట్రాక్టర్లనూ నడుం దగ్గర విడదీసి, దీనిది దానికీ దానిది దీనికీ ఎక్కించాను. బోల్టులన్నీ కూర్చున్నాయి. ఒక్క బోల్టు, ఒక్కటంటే ఒక్కటి కూర్చోకుండా మొండికేసి ఉంటే ఎంత బాగుండేది!

సరిపోనిది లోపల ఉంది, అప్పుడది నాకు తట్టలేదు. ఐసుబండికి వెనక చక్రాలు చిన్నవి, నాయుడి బండికి పెద్దవి. చక్రం కొలతను బట్టి లోపల పళ్ల లెక్క మారుతుంది. ఈ గేర్‌బాక్సు వేసేసరికి వెనక చక్రాలు తొందరపడుతున్నాయి, ముందువి ఆ వేగం అందుకోలేక ఈడ్చుకుపోతున్నాయి. రోడ్డు మీద ముందు చక్రాలను విడిపించుకోవడానికి ఒక మీట ఉంటుంది. ఐసుబండిలో అది ఉప్పుగాలికి పట్టేసింది. దమ్ముకు ఎలాగూ నాలుగూ లాగాలి కదా అని వదిలేశాను. కొత్త పన్ను, కొన్నాళ్లు ఆ మీట జోలికి పోవద్దని నాయుడికి చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట!

దమ్ము బండిని బురదలోనే చూసి అప్పగించడం మా షెడ్డు అలవాటు. పక్కన నీళ్లు పెట్టిన మడిలో తిప్పాను. బురదలో చక్రం జారుతుంది, జారితే తేడా సర్దుకుపోతుంది. బండి వెన్నలా పోయింది, మళ్లీ లారీ ఎక్కించాం. నాయుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సిగ్గు లేకుండా పట్టుకోనిచ్చాను.

నాట్లయ్యాక బండి ఇటుకలు మొయ్యడానికి రోడ్డెక్కింది. తోలేవాడు రమణ, నాయుడి డ్రైవరు, కొత్తగా పెళ్లయినవాడు. స్టీరింగు తిరగడం లేదని, మలుపులో బండి తిన్నగా పక్క కాలవలోకి పోతోందని మొత్తుకున్నాడు. ముందు టైర్లు నున్నగా అరిగిపోయాయి. కొత్తవి వేస్తే అవీ అంతే.

మా వైపు ఒక పద్ధతుంది. బండి విషయంలో ఓనరుకీ డ్రైవరుకీ తగువొస్తే ఇద్దరూ కలిసి బండి బాగుచేసిన మేస్త్రి దగ్గరికొస్తారు. మేస్త్రి ఏమంటే అదే తీర్పు. దాని మీద ఇంక ఎవరూ మాట్లాడరు. వాళ్లిద్దరూ అలాగే వచ్చారు.

"నువ్వే సెప్పు మేస్త్రీ," అన్నాడు నాయుడు. "తప్పు బండిదా, ఈడిదా?"

"ముందు సక్రాలు ఎవరో ఎనక్కి లాగి పట్టినట్టుంటన్నాయి," అన్నాడు రమణ. "లోపల ఏటో తేడా ఉంది. ఓపాలి రోడ్డు మీద నువ్వే తోలి సూడు మేస్త్రీ."

"నా సేతి పనికి వంక పెడతావేట్రా?" అన్నాను నేను. "బండి లచ్చనంగా ఉంది. రేసులాడి టైర్లు తినేసి, ఇప్పుడు నా మీద పెడతన్నావా?"

నాయుడు తాళం తీసేసుకున్నాడు. రమణ నావంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

నాకప్పటికి తెలుసా? ఇన్నేళ్లూ తెలియదనే చెప్పుకున్నాను. తెలుసు. రోడ్డు మీద తోలి చూడమన్నాడు చూడండి, ఆ క్షణంలోనే మొత్తం తెలిసిపోయింది. అందుకే తోలలేదు.

టైర్లు తినేసే రమణ అని చుట్టుపక్కల పేరు పడిపోయింది. మేస్త్రి తేల్చిన మాట కదా, ఎవరూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత వేసవిలో గేర్‌బాక్సు పగిలి నాయుడు బండిని తుక్కుకి తోలేశాడు. లోపలికి ఎవరూ తొంగి చూడలేదు. నేను బతికిపోయాను. రమణ ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఎవరో తోలుకొచ్చే లారీలకు అడ్డకర్ర ఎత్తుతుంటాడు.

చెబుదామని చూడకపోలేదు. ఒకసారి బాషా దగ్గర నోరు విప్పాను. సగం వినకుండానే పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొత్త కథా ఉస్తాద్? అప్పుడు ఇంజనీరు, ఇప్పుడు డ్రైవరా?" కాదురా నిజంరా అంటే ఇంకా నవ్వాడు. నా మీద నాకు ఎంత ఒళ్లు మండిందో! ఓడలూ ఇంజనీర్లూ అన్నీ నమ్మినవాళ్లు దీన్నొక్కదాన్ని నమ్మరు.

అందుకే ఇక్కడిదాకా అంతా కాగితం మీద పెట్టాను. పోయిన వారం అచ్యుతాపురం వెళ్లాను. గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర రమణను కూర్చోబెట్టి, రాసింది రాసినట్టు చదివాను. అతని తలలో సగం నెరిసింది. ఓడ వంటవాడి దగ్గర నవ్వాడు కూడా. తర్వాత నవ్వలేదు. క్షమించమని నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా చదువుతుంటే నాకు ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడింది, ఎందుకు దాచాలి. కాగితాలు మడుస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాగానే రాసినావు మేస్త్రీ. ఒక్కటి తప్పు."

"ఏటది?"

"నాయుడు తాళం తీసుకోనేదు. ఆయన ఇంకా ఆలోసిత్తన్నాడు. నువ్వే నా సేతిలోంచి లాక్కుని ఆయన సేతిలో ఎట్టినావు."