పెంకుల చాప మీద స్మార్ట్‌వాచ్

రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా, ఒక ఫిబ్రవరిలో నన్ను సంగనకల్లు దగ్గరి పురావస్తు తవ్వకాల క్యాంపుకు సంరక్షణ సహాయకుడిగా వేశారు. మట్టిలోంచి బయటపడిన వస్తువును గీత పడకుండా శుభ్రం చేయడం నా పని. మా శాఖలో ఈ హోదా కందకం తవ్వే మేస్త్రీకి పైన, జీపు డ్రైవరుకు కింద.

ఆ పని నాకన్నా బాగా తెలిసిన మనిషి క్యాంపులో హులిగమ్మ. రోజూ మోక అనే ఊరి నుంచి బస్సులో వచ్చేది. పన్నెండు సీజన్లుగా కుండపెంకులు కడుగుతోంది. ట్రేలోకి వచ్చిన ప్రతి వస్తువునూ కడిగి, చీటీతో సహా చాప మీద ఆరబెట్టాలని ఆమెకు శాఖ చెప్పిన నియమం.

ఒకరోజు మా శాఖ పెద్దసారు తనిఖీకి వచ్చారు. కుడి మణికట్టుకు కొత్త స్మార్ట్‌వాచ్. తవ్వకం చూడ్డానికి వచ్చారో, అడుగులు లెక్కపెట్టుకోవడానికి వచ్చారో గానీ కందకాల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆ గుట్ట మీద గాలి వీస్తే దుమ్మే. అద్దం మసకబారినప్పుడల్లా, మెడ తుడుచుకున్న చేతిరుమాలుతోనే దాన్ని గట్టిగా తోమేవారు. ఆ దుమ్ములో రాతి నలుసులుంటాయి సార్, ముందు ఊది, మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాత తడి నూలుగుడ్డతో నొక్కకుండా తుడవాలి అని చెప్పాను. ఇదేమీ మీ పెంకు కాదండీ అన్నారు.

మధ్యాహ్నం చేతులు కడుక్కోబోతూ వాచీ తీసి, పెంకులు కడిగే తొట్టి పక్కనున్న ట్రేలో పెట్టి మరిచిపోయారు. భోజనం చేసి వచ్చేసరికి అది చాప మీద, పెంకుల వరసలో, "మూడో కందకం, రెండో పొర" అన్న చీటీ పక్కన ఆరుతోంది. ఎండకు అద్దం నిండా గీతలు కనబడ్డాయి.

సారు అరుపులకు గుట్ట మీద మేకలు కూడా మేత మానేశాయి. హులిగమ్మ పేరు కూలీల మస్టర్ రోల్లోంచి ఈ పూటే కొట్టేయమన్నారు. బ్రష్షుతో రుద్ది పాడుచేసిందని నన్ను రిపోర్టు రాయమన్నారు. అలా పేరు పోయినవాళ్లను మళ్లీ ఏ సీజన్లోనూ పనికి పిలవరు.

హులిగమ్మ బెదరలేదు.

"నున్నటి పెంకుకే నేను బ్రష్షు తగలనియ్యను సార్, అద్దానికి ఏస్తానా? నీళ్లు పోసి ఏలితో అట్లా రాసినా, అంతే. పొద్దున్నించీ రుమాలేసి తోముతాండేది ఎవరప్పా మరి?"

పెద్దసారు వినబడనట్టు జీపు వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. అయినా రాయమన్నది రిపోర్టే కాబట్టి, పద్ధతి ప్రకారమే రాయడానికి కూర్చున్నాను.

రాతిగొడ్డలి దొరికితే దాని మీది గీతల్ని భూతద్దంతో చదువుతాం. ఎటు నూరారు, ఏ చేత్తో పట్టుకున్నారు అన్నది ఆ గీతలే చెబుతాయి. వాచీనీ అలాగే చదివాను. హులిగమ్మ బ్రష్షు తిన్నగా నడుస్తుంది. ఇవన్నీ ఒకే వైపు వంగిన వంపులు, గుడ్డ మీద ఎడమ బొటనవేలు తిరిగిన దారి. "రాతి దుమ్ము అంటిన గుడ్డతో, ఎడమచేతి వాటం గల వ్యక్తి పలుమార్లు రుద్దినందువల్ల ఏర్పడినవి" అని రాశాను. పేరు రాయలేదు. గొడ్డలి నూరినవాడి పేరు మాత్రం ఎప్పుడు రాశాం గనక? హులిగమ్మది కుడిచేతి వాటం అని కింద ఒక వాక్యం చేర్చాను.

సారు రెండుసార్లు చదివారు. అందరి ముందూ తానే అడిగిన రిపోర్టు, ఇప్పుడు వద్దనడానికి లేదు. సహాయకుడు రాసింది పై అధికారి సంతకం లేకుండా ఫైలుకెక్కదు. మస్టర్ రోల్ సంగతి ఇక వదిలేయమని గొణిగి, జేబులోంచి పెన్ను తీసి, ఎడమచేత్తో సంతకం పెట్టారు.

ఆ క్యాంపులో నేను నేర్చుకున్నది ఇంతే. అద్దం మీది దుమ్మును ముందు దులపాలి, తర్వాతే తుడవాలి. పై అధికారి మీద రిపోర్టు రాయవలసివస్తే పేరు అక్కర్లేదు, ఏ చెయ్యో రాస్తే చాలు.