పద్నాలుగు సందుల చరిత్ర

మున్సిపాలిటీలో వీధుల పేర్లు రాసే పెయింటరు ఒకామె ఉంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ అక్షరాలమ్మే. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క ఒత్తు తప్పు పోలేదు. "రాత చూస్తే ముత్యాలు, మనిషిని చూస్తే మూత బిగించిన రంగు డబ్బా" అని తోటి పెయింటర్లు వేళాకోళం చేస్తారు. వాళ్ల నోటికి అడ్డేముంది. ఆ మూత పడి ఎనిమిది నెలలే అయింది, అక్క పోయినప్పుడు.

ఆ రోజు ఆమె ఏడవలేదు. "కంట తడి కూడా లేదు, రాతిగుండె" అని వదిన గుసగుసలాడింది. గుసగుస అంటే వదిన లెక్కలో వీధి చివరికి వినపడేంత. ఆమెకు కోపం రాలేదు. నిజమే కదా అనుకుని గిన్నెలు కడగడానికి లేచింది.

అప్పట్నుంచి ఇల్లు, పని, ఇల్లు. పొద్దున రొట్టె, మధ్యాహ్నం రొట్టె, రాత్రీ అదే. ఒకసారి విరిగిన పాలతో కాచిన టీ మొత్తం తాగేసింది. గ్లాసు అడుగున ముక్కలు కనబడితే గానీ తెలియలేదు, తెలిశాక కూడా ఛీ అనిపించలేదు. అక్క బట్టలన్నీ ఇచ్చేసింది. ఫోటో వంక చూస్తే, ఆఫీసు గోడ మీద పాత అధికారుల ఫోటోలు చూసినట్టే ఉండేది.

ఇలా మొద్దుబారడం ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ల కిందట భర్త పోయినప్పుడు మంచం దిగలేదు. సెలవు మీద సెలవు పెట్టి గోడకు తిరిగి పడుకుంది. అప్పుడు అక్క పెట్టె సర్దుకుని వచ్చేసింది. అక్కది తపాలా ఆఫీసులో ఉత్తరాలను వీధుల వారీగా వేరుచేసే పని. ఓదార్చడం ఆమెకు చేతకాదు, చేతనైనా చేసే రకం కాదు. నాలుగో రోజు సాయంత్రం వచ్చి దుప్పటి లాగేసింది.

"లే. ఉప్పు సందులో వేరుశనగలు వేయిస్తున్నారు. దానికి ఉప్పు సందని పేరెందుకొచ్చిందో కూడా చెప్తా."

"నాకే చరిత్రలూ వద్దక్కా."

"చరిత్ర వద్దంటే మానెయ్. వేరుశనగలేం చేశాయి పాపం?"

అలా మొదలైంది. ఎప్పుడో వానలో ఉప్పు బండి బోల్తాపడి ఆ సందులో బావి నీళ్లన్నీ ఉప్పగా అయిపోయాయట. ఏడాది పాటు ఎవరూ కూరలో ఉప్పు వేసుకోలేదట. పక్క వీధివాళ్లు బిందెలతో వచ్చి, ఉప్పు అడగడానికి మొహమాటపడి నీళ్లు అడిగేవారట. మర్నాడు గొడుగుల వీధి, చివర్లో వేడి బన్ను. తడుస్తూ వచ్చినవాళ్లకు ఊరికే గొడుగు బాగుచేసి, ఎండలో తెచ్చినవాళ్లను తిట్టి పంపే ముసలాయన ఒకడు అక్కడ ఉండేవాడట. ఆ మర్నాడు దీపాల సందు, ఉడకబెట్టిన మొక్కజొన్న. అక్కది ఒకటే షరతు. సందులో కాలు పెడితేనే కథ మొదలవుతుంది, అవతలి కొసకు చేరితేనే పూర్తవుతుంది. మధ్యలో చెల్లెలు ఆగితే కథా ఆగుతుంది. చిన్నప్పుడు జడ వేసేటప్పుడు కదిలితే జడ వదిలేసేది కూడా ఇలాగే. పద్నాలుగు సందులు తిరిగేసరికి చెల్లెలు మళ్లీ కుంచె పట్టింది. సాయంత్రం నడక మాత్రం ఇద్దరూ మానలేదు. ఏ సందులో ఏం తినాలో, అది తింటూ ఏం చెప్పుకోవాలో ఇద్దరికీ కంఠతా వచ్చేసింది.

మొన్న మున్సిపాలిటీవాళ్లకు ఒక ముచ్చట పుట్టింది. ప్రతి వీధి పేరు కింద, ఆ పేరెలా వచ్చిందో చెప్పే చిన్న రేకు పెట్టాలన్నారు. రేకులకు ప్రైమర్, అంటే అడుగు పూత వేయించారు గానీ రాయాల్సిన మాటలు పంపడం మర్చిపోయారు. ప్రైమర్ వేసిన రేకు మీద రెండు మూడు రోజుల్లో రాయకపోతే దుమ్ము పట్టి పని మళ్లీ మొదటికొస్తుంది. పెయింటరన్నవాడు ఇచ్చింది రాయాలి, సొంతంగా కామా కూడా పెట్టకూడదు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. ఎదురుగా ఖాళీ రేకు, దాని మూల గుర్తుకోసం సుద్దతో రాసిన ఉప్పు సందు అనే పేరు. చెయ్యి దానంతట అదే అక్క చెప్పింది రాసేసింది. ఒకటి కాదు, పద్నాలుగూ. అక్షరాలమ్మ రాసిందంటే తప్పుండదని ఎవరూ చదవలేదు. అలాగే తీసుకెళ్లి బిగించేశారు.

ఎవరూ చదవనిది ఒక రిటైర్డ్ మాస్టారు చదివాడు. ఆయనకు ఇంకేం పని. ఉప్పు బండి బోల్తాపడినట్టు ఆధారమేదని అర్జీ పెట్టాడు. ఇంజనీరు ఆమెను పిలిపించాడు.

"ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా మీకు?"

"మా అక్కండీ."

"అక్క చెప్పిందని ఫైల్లో రాయలేం కదా. సోమవారంలోగా ఆధారం చూపించండి. లేకపోతే మీరే గీకేయాలి."

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమెకు భయమేసింది. అక్కది ఏదీ ఆమెలో మిగల్లేదు, ఈ కథలు తప్ప. అవి కూడా తన చేత్తో గీకేస్తే అక్కను రెండోసారి, ఈసారి తానే సాగనంపినట్టు. మధ్యాహ్నం రొట్టె పొట్లం విప్పకుండానే మెట్లు దిగి రికార్డు గదికి వెళ్లింది.

రికార్డు గది ముసలి గుమస్తా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు. పద్నాలుగు సందుల ఫైలు అడిగితే వెతక్కుండానే చేయి చాచి తీశాడు. అందులో ఉన్నది ఒకే కాగితం. ఆ సందులు కొలిచిన సర్వే అధికారి, పేర్లు తట్టక, పక్కనున్న గోడౌను సరుకుల జాబితా ముందు పెట్టుకున్నాడు. ఉప్పు, గొడుగులు, దీపాలు, తాళ్లు అని వరసగా పేర్లు పెట్టుకుంటూ పోయాడు. అంతే చరిత్ర.

ఆమె రెండుసార్లు చదివింది. బండి లేదు, బావి లేదు, ముసలాయన లేడు.

"ఈ ఫైలు ఇంకొకావిడ కూడా అడిగింది" అన్నాడు గుమస్తా. "ఆరేళ్లయింది. తపాలా ఆఫీసావిడ."

"మా అక్క."

"అలాగా. ఇది చదివి తెగ నవ్విందమ్మా. 'ఇది చెప్తే మా చెల్లి గుమ్మం కూడా దాటదు, నా తిప్పలేవో నేనే పడతాను' అంది. రోజూ మధ్యాహ్నం భోజనం వేళకొచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చుని రాసుకునేది. రాయడం, కొట్టేయడం. ఉప్పు బండి కథ నామీదే మూడుసార్లు ప్రయోగించింది. మొదట్లో బండి పడ్డప్పుడు గుర్రం చచ్చిపోయేది. మూడోసారికి బతికించేసింది. 'మా ఇంట్లో ఈ ఏడాదికి ఒక చావు చాలు' అంది."

ఆమె విన్న కథలో గుర్రం లేచి, ఒళ్లు విదిల్చుకుని, తనంతట తానే ఇంటికి పోయింది. ఆ ముక్క చెప్పేటప్పుడు అక్క తన మొహం వంక ఎందుకలా చూసేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. పద్నాలుగు రోజులు అక్క మధ్యాహ్నం తిండి తినలేదని కూడా తెలిసింది. సాయంత్రం వేరుశనగల మీద అలా పడతావేమిటక్కా అని తాను వెక్కిరించింది కూడా.

సోమవారం దాకా ఆగలేదు. ఆ కాగితం పట్టుకుని నేరుగా ఇంజనీరు గదికి వెళ్లింది.

"దొరికిందా అమ్మా, ఆధారం?"

"దొరికిందండీ. అన్నీ అబద్ధాలే. పద్నాలుగూ." కాగితం బల్ల మీద పెట్టింది. "నా కోసం అల్లిందండీ. అన్నం మానేసి అల్లింది. గీకేస్తాను, నేనే గీకేస్తాను. రేపు పొద్దున్నే మొదలుపెడతాను." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. ముక్కు కారేలా, బయట వరండాలో జనం తొంగి చూసేలా ఏడ్చింది. "గుర్రాన్ని కూడా చంపలేదండీ" అంది.

ఏ గుర్రమని ఇంజనీరు అడగలేదు. లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.