పలకలేదండీ

మా మామగారు కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు. ఆయనది అలాంటిలాంటి గొంతు కాదు. ఇంట్లో మంచినీళ్లు అడిగితే పక్కింటివాళ్లు తొంగిచూసేవారు. పెళ్లయిన కొత్తలో హడలిపోయేదాన్ని. అలవాటయ్యాక మాత్రం, "మామయ్యా, నేను ముద్దాయిని కాదు, వంటింట్లోనే ఉన్నాను" అనేదాన్ని. నవ్వేవారు. ఆ ఒక్క కేసు తర్వాత నవ్వు పోయింది, ఇంట్లో ఆ గొంతూ పోయింది.

ఇప్పుడు లా చదివే పిల్లలందరికీ ఆ కేసు కంఠతా వచ్చు. కరపత్రాలు అచ్చువేశాడని ఒక ప్రెస్సు కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. బట్టలు ఇస్త్రీ చేసుకు బతికే అతని తల్లి, కొడుకుని చూపించమని కోర్టుకెక్కింది. "నిన్ననే వదిలేశామండీ, తనే వస్తాడు" అన్నారు పోలీసులు. వచ్చాడేమో పేరు పిలిచి చూడమన్నారు జడ్జిగారు. మామగారు వరండాలో నిలబడి మూడుసార్లు పిలిచి, లోపలికెళ్లి "పలకలేదండీ" అన్నారు. జడ్జిగారు పోలీసుల మాటే నమ్మి, మనిషి రాలేదని రాసుకుని కేసు కొట్టేశారు. ఆ వారంలోనే కుర్రాడు లాకప్పులో చనిపోయాడు.

తల్లి ఊరుకోలేదు, పైకోర్టుకి వెళ్లింది. మామగారు పిలిచేటప్పుడు ఆ కుర్రాడు అదే భవనంలో, వరండాకి సరిగ్గా కింద, విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఉన్నాడని అక్కడ తేలింది. తలుపుకి బయట గొళ్లెం. పట్టుకున్న మనిషిని కళ్లారా చూడకుండా, పోలీసుల మాట నమ్మి ఏ కోర్టూ కేసు మూయకూడదని తీర్పొచ్చింది. దాని పుణ్యమా అని ఎంతమంది ప్రాణాలతో ఇల్లు చేరారో లెక్కలేదు.

మామగారు మాత్రం ఆ వరండా మధ్యలో నడవడం మానేశారు. గోడవారగా పోయేవారు. ఇంట్లో అన్నం తింటూ తింటూ ముద్ద ఆపి గచ్చు వైపు చెవి ఒగ్గేవారు. మా ఇంట్లో కనపడని మనిషి ఒకడు ఎక్కువున్నట్టే ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక నిలదీశాను.

"రెండోసారి పిలిచినప్పుడు కిందనించి ఏదో వినపడిందమ్మా. గొట్టాల్లో నీళ్లనుకున్నాను. పైకోర్టులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఉన్న మొహంతోనే చెప్పండి మామయ్యా. ఇలా ఎన్నాళ్లు?" అన్నాను. ఆయన రిటైరయ్యేదాకా అంటూనే ఉన్నాను. చివరికి నేనే ఆ తల్లి ఇంటికి వెంటబెట్టుకు తీసుకెళ్లాను.

ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మామగారు గుమ్మంలోనే నిలబడ్డారు.

"అమ్మా, కోర్టులో పేర్లు పిలిచింది నేనే. ఆ రోజు మీ అబ్బాయి పలికాడు. నాకు వినపడింది. పలకలేదని చెప్పాను."

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను. పోసినా బాగుండేది.

"ఏమన్నాడు?"

"మాట తెలియలేదమ్మా. మూలుగులా ఉంది."

"మీకు గుర్తుందిగా?"

ఆయన తలూపారు.

"ఎలా పలికాడో, అలా ఒక్కసారి పలకండి. నేను వినలేదుగా."

మామగారు కళ్లు మూసుకుని, గొంతులోంచి సన్నగా ఒక మూలుగు తీశారు. ఆ మనిషి నోట అంత చిన్న చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన మొహం కేసి చూస్తూ నిలబడింది.

"ఇంకోసారి" అంది.

ఆయన మళ్లీ మూలిగారు. ఆవిడ మళ్లీ అడిగింది. నేను వినలేక వీధిలోకి వచ్చేశాను.