కిస్మిస్ బిస్కెట్లు

తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులు. మరిపెడల దుకాణాలన్నీ మూతబడ్డయి. మా ముసలి కుక్కకు బిస్కెట్లు దొరకక, జొన్నపిండిల గుమ్మడికాయ గుజ్జు, గుడ్డు కలిపి నేనే కుక్కర్ల ఇసుక పోసి కాల్చిన. రుచికని గుప్పెడు కిస్మిస్ కూడ వేసిన. అది ఇష్టంగ ఐదారు తిన్నది.

జనగామల పశువుల దవాఖానల పనిచేసే మా అక్కకు ఫోన్ చేసి గొప్పగ చెప్పిన.

"కిస్మిస్సా! కుక్కలకు గది విషమే! జల్ది దవాఖానకు తీస్కపో!" అని అరిచింది.

కుక్కను భుజం మీదేసుకొని ఉరికిన. పెద్దరోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. రోడ్డు పొడుగునా పొయ్యిలు, వాటికెదురుగ పోలీసులు. తలకు కండువా చుట్టుకున్న ఒకాయన నాకు అడ్డమొచ్చిండు.

"ఇటు పోనియ్యం. ఏమైంది?"

"అన్నా, నా చేతులతోని నేనే దీనికి విషం పెట్టిన," అని ఏడ్చిన.

ఆయన కుక్క మొఖం చూసిండు. "జరగుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి!" అని కేకేసి, దవాఖాన దాక నాకు ముందు నడిచిండు.

డాక్టరు సూదేసి కక్కించిండు. "రెండు దినాలు దాటితెనే చెప్పగలుగుత," అన్నడు. ఆ రెండు దినాలు నేను దాని పక్కనే కూసున్న. మూడోనాడు పొద్దున అది లేచి, గిన్నెడు నీళ్లు తాగింది.