ఆపినోళ్లే నడపాలె

గోదావరిఖనిలో సంధ్యారాణికి తీరిక దొరికితే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బాగుచేయడమే సరదా. ఒక తెలుగు కీబోర్డు యాప్ ఒత్తులు మింగేస్తోందని, నానా తిప్పలు పడి లాప్‌టాప్‌లో కోడ్ సరిచేసే ఐడీఈ పెట్టుకుంది. ఎట్టకేలకు కోడ్ బిల్డ్ అయింది. అనుమానమున్న వరుస మీద ఇక్కడ ఆగమని బ్రేక్‌పాయింట్ పెడితే యాప్ టక్కున అక్కడే ఆగింది. "నేనే ఆపిన, ముట్టకు" అని భర్తకు చెప్పి కూరగాయలకు వెళ్లింది.

భర్త జైపాల్ బొగ్గు గనిలో బెల్టు ఆపరేటర్. అక్కడ బెల్టు ఆపినవాడే వచ్చి నడపాలి. అందాకా 'ముట్టొద్దు, లోపల మనిషి ఉన్నడు' అని ఎర్రబోర్డు వేలాడుతుంది.

ఆమె తిరిగొచ్చేసరికి లాప్‌టాప్‌కు అట్టముక్క వేలాడుతోంది: "ముట్టొద్దు. లోపల మనిషి ఉన్నది." బ్యాటరీ దిగుతోందని జైపాల్ టీవీ ప్లగ్గు పీకి చార్జర్ పెట్టాడు.

"ఏందిది?"

"ఆపినోళ్లే నడపాలె. రూలు రూలే."

"గా రూలుకు నా సీరియల్ బందైంది బిడ్డా!" అంది అత్త లింగవ్వ.

సంధ్యారాణి పడీపడీ నవ్వి, ఒక్కో వరుసా నడిపి, ఒత్తు మాయమయ్యే చోటు పట్టేసింది. అట్టముక్క తీసేసింది.

లింగవ్వ ఆ అట్టను పట్టుకెళ్లి, కూర ఉడుకుతున్న స్టవ్వు ఆపి, దానికి తగిలించి, ప్లగ్గు మళ్లీ పెట్టి టీవీ ముందు కూర్చుంది.

"ఆకలైతుందే అవ్వా," అన్నాడు జైపాల్.

"నేనాపిన కొడుకా. రూలు రూలే."